దోసిట్లో చేప అడిగిన మాట

తెలంగాణ ఊళ్లలో చెరువు కట్ట ఎక్కితే తూముకి దగ్గర్లో చిన్న గుడి ఒకటి కనిపిస్తుంది. కొన్నిచోట్ల గుడి కూడా ఉండదు. వేపచెట్టు మొదట్లో పసుపు పూసి బొట్లు పెట్టిన రాయి మాత్రమే ఉంటుంది. ఆమె కట్టమైసమ్మ. చెరువు నిండి మత్తడి దూకిన ఏడాది ఊరంతా వచ్చి బోనం పెడుతుంది, కోడినో యాటనో కోస్తుంది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక, పెద్ద వల దించే రోజున ఆ రాయి దగ్గరికి ముందుగా వచ్చేది చేపలు పట్టేవాళ్లు. వలకి పసుపూ కుంకుమా అంటించి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మను తలుచుకుని నీళ్లలోకి దిగుతారు.

ఆ దండం వెనక చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. ప్రాణం తీసి బతకడం ధర్మమేనా? కొడవలి పట్టినవాడిని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. వల పట్టినవాడిని మాత్రం తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. బెస్త, గంగపుత్ర, ముదిరాజ్, వడ్డి అంటూ ప్రాంతాన్ని బట్టి పేరు మారింది కానీ ప్రశ్న మారలేదు. చేపల పులుసు ఇష్టంగా తినే ఇళ్లు కూడా ఆ పాపపుణ్యాల లెక్కని పట్టేవాళ్ల ఇంటి ముందే వదిలేశాయి.

మూడు చేపల కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు. భీష్ముడు శాంతిపర్వంలో ధర్మరాజుకి చెప్పిన ఈ కథ బడి పుస్తకాల దాకా వచ్చింది. ముందుచూపున్న చేప కాలువ పట్టి వెళ్లిపోతుంది. సమయానికి తగ్గ ఉపాయం తోచిన చేప తప్పించుకుంటుంది. బద్ధకించిన చేప చచ్చిపోతుంది. ఆ మడుగు నీళ్లు తోడి చేపలు పట్టడానికి వచ్చిన జాలరులు కూడా కథలో ఉన్నారు. చేపలకి పేర్లున్నాయి, బుద్ధులున్నాయి, మాటలున్నాయి. జాలరులకి పేరు కూడా లేదు. వాళ్లు వానలాగా, కరువులాగా వచ్చిపడే ఆపద మాత్రమే. వాళ్ల ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగిందో లేదో అడగడం ఆ కథ పని కాదు. కానీ ఇన్ని తరాల తర్వాత కూడా ఎవరూ అడగకపోవడం మాత్రం వెలితే.

ఆ మహాభారతంలోనే దీనికి జవాబు చెప్పిన మనిషి కూడా ఉన్నాడు. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలకి వెళ్లి, మాంసం అమ్మే కొట్టు ముందు నిలబడతాడు. ఆ కొట్టు ధర్మవ్యాధుడిది. తన వృత్తి ఘోరమైనదేనని అతను దాచుకోడు. అయితే నాగలి దున్నినప్పుడు నేలలో ఎన్ని ప్రాణులు చస్తున్నాయో చూడమంటాడు. నీళ్లలో, చెట్లలో, గింజల్లో అంతటా జీవమే ఉన్నప్పుడు హింస చేయకుండా బతుకుతున్నది ఎవరని అడుగుతాడు. వచ్చిన వృత్తిని న్యాయంగా చేయడం, తల్లిదండ్రులను చూసుకోవడం, అబద్ధమాడకపోవడం, ఉన్నంతలో పెట్టడం తన ధర్మమని చెబుతాడు. వేదం చదివిన కౌశికుడు ఆ కొట్టు ముందు శిష్యుడయ్యాడు.

అందరూ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. బౌద్ధంలో ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం, మాంసం వ్యాపారం రెండూ ఉన్నాయి. అశోకుడు తన అయిదో స్తంభ శాసనంలో కొన్ని రకాల చేపలను చంపొద్దన్నాడు. పున్నమి, ఉపవాస దినాల వంటి కొన్ని తిథుల్లో చేపలు పట్టడం, అమ్మడం కూడా కుదరదన్నాడు. వేటని మొత్తంగా మాన్పించలేదు, దానికి విరామం పెట్టాడు. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట ఆపాలని ఇవాళ అనేక రాష్ట్రాల్లో నియమాలున్నాయి. ఉద్దేశాలు వేరైనా రెండింటి పద్ధతీ ఒకటే. ఇక శృంగేరిలో తుంగానది మెట్ల దగ్గర చేపలను ఎవరూ ముట్టుకోరు. భక్తులు మరమరాలు వేస్తుంటే బారెడు చేపలు గుంపులుగా వచ్చి తింటాయి.

ఈ వాదనలన్నిటిలో ఇద్దరే కనిపిస్తారు. ఒకటి చేప, రెండోది దాన్ని పట్టేవాడు. మూడో మనిషి ఒకడున్నాడని తెలియాలంటే వల లాగడం అయిపోయాక కూడా కట్ట మీదే నిలబడాలి.

తెల్లవారేసరికి వల ఒడ్డుకి వస్తుంది. పది పన్నెండు మంది నడుముల్లోతు నీళ్లలో, బురదలో రెండు కొసలూ పట్టి లాగుతారు. చేపల్ని కట్ట మీద రకాల వారీగా వేరు చేస్తారు. బొచ్చెలు ఒక పక్క, రవ్వలు ఒక పక్క, బంగారుతీగలు ఇంకో పక్క. కొర్రమీను బతికుంటేనే ధర కాబట్టి దాన్ని నీళ్ల డ్రమ్ములో వేస్తారు. అప్పటికే మంచుగడ్డల పెట్టెలతో వ్యాన్ వచ్చి ఉంటుంది. కాంటా వ్యాపారిది, తూకం వ్యాపారి మనిషిది. తడి ఉందని కొంత తరుగు తీస్తారు. ఒక ఖాతా పుస్తకం తెరుస్తారు. వలలు కొనడానికి, తెప్ప బాగు చేయించుకోవడానికి, పిల్ల పెళ్లికి ముందే తీసుకున్న బాకీ అందులో రాసి ఉంటుంది. బాకీ ఉన్నవాడు ఇంకొకరికి అమ్మే వీల్లేదు. వడ్లు ఇంట్లో పోసి ధర కోసం నెల రోజులు ఆగొచ్చు. చేప మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. బేరంలో జాలరి బలహీనత అంతా అక్కడుంది. పది గంటలకల్లా ఎండ ఎక్కుతుంది, ఆ లోపు అమ్మకం తేలిపోవాలి.

పాపం సంగతి ఈ కాంటా దగ్గర అడగాలి.

అడగడానికి మన దగ్గర ఒక కథ కూడా ఉంది. అవతారాలన్నిటిలో మొదటిది చేప. శతపథ బ్రాహ్మణం చెప్పే ప్రకారం మనువు పొద్దున్నే చేతులు కడుక్కుంటుంటే నీళ్లతో పాటు ఒక చేపపిల్ల చేతికొచ్చింది. భాగవతంలో ద్రవిడ దేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నది దగ్గర తర్పణం వదులుతుంటే దోసిట్లోకి వచ్చింది. ఆ సత్యవ్రతుడే తర్వాత వైవస్వత మనువయ్యాడు. పోతన అష్టమ స్కంధం విన్నవాళ్లకి ఈ కథ కొత్త కాదు. తిరుపతి జిల్లా నాగలాపురంలో శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాదేవి జ్ఞాపకంగా కట్టించిన వేదనారాయణస్వామి గుడిలో మత్స్యావతారమే మూలమూర్తి. అయితే కథ చెప్పగానే అందరికీ ప్రళయం, ఓడ, వేదాలు గుర్తొస్తాయి. చేప మొదట ఏం అడిగిందో గుర్తుండదు.

అది ప్రళయం గురించి అడగలేదు. తనని కాపాడమంది. చిన్నగా ఉన్నంత కాలం పెద్ద చేపలు మింగేస్తాయి, చేపని చేపే తింటుంది, నన్ను ఆ నీళ్లలో వదలొద్దని అంది. మనువు దాన్ని ముందు కడవలో పెట్టాడు. కడవ చాలకపోతే గుంత తవ్వి అందులో వేశాడు. అదీ చాలనంత పెరిగాక సముద్రంలో వదిలాడు. అప్పటికి దాన్ని మింగగల చేప లేదు.

చేపపిల్లలు పెంచే హేచరీకి వెళ్లినవాళ్లకి ఈ వరస వింతగా అనిపించదు. ముందు తొట్టి, తర్వాత నర్సరీ గుంట, తర్వాత పెంపకం చెరువు, చివరికి పెద్ద నీళ్లు. ఒకప్పుడు గుడ్లు పొదిగించడానికి గాజు జాడీలు వాడేవారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం మొదలుపెట్టింది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకి 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే జలాశయాలకి 80-100 మిల్లీమీటర్ల పిల్లలు వదలాలని లెక్క పెట్టింది. పెద్ద జలాశయంలో వేటాడే చేపలు ఎక్కువ. వేలెడు పొడుగైనా లేని పిల్లని అందులో వదిలితే అది మనువుకి మొరపెట్టుకున్న చేపలాంటిదే, పైగా దీనికి మనువు లేడు. పిల్లల సైజు తగ్గినా, వానలు వెనకపట్టాక ఆలస్యంగా వదిలినా నష్టపోయేది ఏడాదంతా ఆ చెరువునే నమ్ముకున్న సంఘం.

ఆ పిల్లలు అసలు దొరుకుతున్నాయంటే కారణం ఒక శాస్త్రవేత్త. బొచ్చె, రవ్వ, ఎర్రమోసు ప్రవాహంలో తప్ప గుడ్లు పెట్టవు. నిలవ నీళ్ల చెరువులో ఎంత పెరిగినా పిల్లలు చేయవు. అందుకే పూర్వం వరదల్లో నదులకి అడ్డంగా వలలు కట్టి పిల్లల్ని పట్టి తెచ్చేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజునే ఇవాళ దేశమంతా చేపరైతుల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ తర్వాత కైకలూరు చుట్టుపక్కల హేచరీలు లేచాయి. అక్కడి పిల్లలు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో లారీలెక్కి వందల కిలోమీటర్ల దూరంలోని చెరువులకి చేరడం మొదలైంది.

1950-51లో మన దేశంలో నదులు, చెరువులు, జలాశయాల నుంచి వచ్చిన చేపలు 2.18 లక్షల టన్నులు. 2022-23లో రొయ్యల చెరువులతో సహా లోతట్టు నీళ్ల దిగుబడి 131 లక్షల టన్నులు దాటింది. అరవై రెట్లు. అదే ఏడాది దేశం మొత్తం చేపల దిగుబడి 175 లక్షల టన్నులు. అంటే నాలుగు చేపల్లో మూడు సముద్రానివి కావు. ఈ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెల్లో సర్దిన శీలావతి, బొచ్చె హౌరా దాకా, అస్సాం దాకా పోతాయి. గర్వపడాల్సిన సంగతే. కానీ టన్నుల లెక్క ఎంత పండిందో చెబుతుంది కానీ ఎవరి ఇంట్లో పండిందో చెప్పదు.

ఊరి చెరువు ఇచ్చేది వేరే రకం సంపద. సేద్యం ఏడాదికి ఒకటి రెండుసార్లు డబ్బు చూపిస్తుంది, అదీ భూమి ఉన్నవాడికి. విసురు వల ఒకటి ఉంటే సెంటు భూమి లేనివాడు కూడా సాయంత్రానికి రొక్కం కళ్ల చూస్తాడు. బడి ఫీజు, మందుల చీటీ, కిరాణా బాకీ ఆ రొక్కంతోనే తీరుతాయి. మగవాళ్లు పట్టిన చేపని తట్టకెత్తుకుని వాడవాడా తిరిగి అమ్మేది ఆడవాళ్లు. అమ్ముడుపోనిదాన్ని ఉప్పు రాసి ఎండబెట్టి అంగడి రోజుకి దాచేదీ వాళ్లే. వ్యాన్ కాంటాకి ఎక్కని పరకలు, చిన్న జెల్లలు ఇంటి కూరవుతాయి. బంగ్లాదేశ్‌లో శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ ఏళ్ల తరబడి ఇలాంటి చిన్న చేపలనే పరిశీలించారు. తలా ముల్లూ సహా తినే ఈ చేపల్లో విటమిన్ ఎ, కాల్షియం, ఇనుము పెద్ద చేప ముక్కలో కంటే ఎంతో ఎక్కువని తేల్చారు. ఆ కృషికి 2021లో ఆమెకి ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కాంటా విలువ కట్టని చేపే తల్లికీ పిల్లకీ బలమన్నమాట.

ఇంతమంది బతికే ఆ నీళ్లలో చేప ఎవరిది? దాన్ని ఎవరూ మేపలేదు, కంచె కట్టలేదు. వరదొస్తే ఈ చెరువు చేప కింది చెరువులోకి పోతుంది.

కౌటిల్యుడు జవాబు సూటిగా చెప్పాడు. కట్టలు కట్టిన నీళ్లలో చేపల మీద, పడవల మీద, నీటి కూరల మీద హక్కు రాజుదని అర్థశాస్త్రం అంటుంది. చేపలు పట్టేవాళ్లు ఆరో వంతు కట్టాలంటుంది. అదే పుస్తకంలో ఇంకోచోట అసలు రాజు ఎందుకు పుట్టాడో కూడా ఉంది. దండించేవాడు లేకపోతే బలవంతుడు బలహీనుడిని మింగుతాడు, అది మత్స్యన్యాయం. ఆ మత్స్యన్యాయంతో విసిగిపోయిన జనం వైవస్వత మనువుని రాజుని చేసుకుని పంటలో ఆరో వంతు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

వైవస్వత మనువు! దోసిట్లోకి వచ్చిన చేపపిల్లని కడవలో పెట్టి కాపాడిన మనువూ, పెద్ద చేప చిన్న చేపని మింగే లోకాన్ని చక్కదిద్దడానికి జనం ఎన్నుకున్న మనువూ ఒక్కడే. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే, మన సంప్రదాయంలో పాలన అనే మాటకి మొదటి అర్థం దొరుకుతుంది. చిన్నదాన్ని పెద్దది మింగకుండా చూసేవాడికే రాజ్యం. ఆరో వంతు ఆ కాపలాకి కూలి. నీళ్ల మీద రాజుకి హక్కు ఉందంటే అది కాపలావాడి హక్కే.

శాంతిపర్వంలో ఈ కథకి ఇంకో వివరం ఉంది. జనం అడగ్గానే మనువు ఒప్పుకోలేదు. పాపానికి భయపడుతున్నాను, రాజ్యం చేయడం చాలా కష్టం అన్నాడు. వల వేసేవాడి పాపం గురించి ఇన్ని గ్రంథాల్లో ఇంత చర్చ జరిగింది. కానీ పాపభయంతో వణికినవాడిగా భారతం చూపించింది పాలించబోయేవాడిని. చేపని పట్టడంలో ఉన్న పాపాన్ని ధర్మవ్యాధుడి లాంటివాడు మోయగలడు. చిన్నవాడి నోటి దగ్గర కూడు పెద్దవాడు లాక్కుంటుంటే చూస్తూ ఊరుకున్న పాపం అంతకంటే బరువైనది, దాన్ని మోయాల్సింది నీళ్ల మీద అధికారం ఉన్నవాడు. ప్రాణం తీసి బతకడం ధర్మమేనా అన్న ప్రశ్నకి తేల్చి చెప్పగల జవాబు ఇదే.

వేరే మతాల వాళ్లకీ ఇది తెలియని సంగతి కాదు. నీరు, గడ్డి, నిప్పు ఈ మూడింటిలో అందరికీ వాటా ఉందని ప్రవక్త మాటగా ఇస్లాం చెబుతుంది. యేసు మొదటి శిష్యులు పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను చేపలు పట్టేవాళ్లు. వాళ్లు వల వేసిన గలిలయ సముద్రం పేరుకే సముద్రం. నిజానికి అది మంచినీళ్ల సరస్సు. పేతురు ఇల్లున్న కపెర్నహూములోనే సుంకం వసూలు చేసే మెట్టు కూడా ఉండేది. ఆ మెట్టు మీద కూర్చున్న మత్తయి కూడా తర్వాత శిష్యుడయ్యాడు. 1986లో కరువొచ్చి ఆ సరస్సు నీళ్లు తీసినప్పుడు బురదలో ఆ కాలపు పడవ ఒకటి బయటపడింది. ఎనిమిది మీటర్ల పొడవు. ఒకే రకం కలప కాదు, దొరికిన చెక్కనల్లా ముక్కలు ముక్కలుగా అతికి, మళ్లీ మళ్లీ బాగుచేసి వాడారు. రెండు వేల ఏళ్ల కిందట సరస్సు మీద బతికినవాడి ఆర్థిక పరిస్థితి ఆ అతుకుల్లో రాసి ఉంది.

నీళ్ల మీద ఇలాంటి కాపలావాడికి తెలుగులో ధర్మకర్త అనే మంచి మాట ఉంది. గుడి మాన్యం ధర్మకర్త పేరు మీద నడుస్తుంది కానీ అతనిది కాదు. దేవుడి సొమ్ము తిన్న ధర్మకర్తని ఊరు క్షమించదు. 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు నదుల గురించి చెప్పింది ఇదే. మనాలి దగ్గర బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ కోసం నది దారినే మళ్లించిన కేసు అది. గాలి, పారే నీరు, అడవి లాంటివి ప్రజలందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని కోర్టు తేల్చింది. దక్షిణాది శాసనాల్లో ఈ పద్ధతి పాతదే. చెరువు చేపల మీద వచ్చిన ఆదాయాన్ని అదే చెరువు పూడిక తీయడానికి కేటాయించిన దాఖలాలున్నాయి. చేప ఇచ్చిన డబ్బు చేప ఉండే నీళ్లకే తిరిగి వెళ్లాలన్న ఆలోచన ఎంత చక్కనిది!

ధర్మకర్త దారి తప్పితే ఏమవుతుందో కొల్లేరు చూపించింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ పట్టుకుని, ఉప్పుటేరు దారిన సముద్రానికి పంపే సరస్సు అది. లంక గ్రామాల్లోని వడ్డీలు తాటిదోనెల మీద తిరుగుతూ, వెదురు మావులు పాతి చేపలు పట్టి బతికారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకుని నీళ్లలోకి దిగేవారు. వరదొస్తే ఇల్లు మునిగేది, కరువొస్తే సరస్సు ఎండేది. వాళ్ల కష్టం చూసి 1976లో ప్రభుత్వం 118 నంబరు జీవోతో మత్స్యకారుల, దళితుల, పేదల సంఘాలకి కొల్లేటి భూమిలో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిది. చిన్న చేపని గుంటలో పెట్టి కాపాడటం లాంటిదే.

గుంటకి కాపలా మాత్రం పెట్టలేదు. చేపల చెరువుకి ఏటా పిల్ల, మేత, ఎరువు, కరెంటు, కాపలా కావాలి. ఆ పెట్టుబడి సంఘాల దగ్గర లేదు. డబ్బున్నవాళ్లు వచ్చి చెరువుల్ని లీజుకి తీసుకున్నారు. లాభం కనబడేసరికి సరస్సు నడిబొడ్డులోకి కూడా గట్లు పాకాయి. సంఘం సభ్యుడు తన పేరున ఉన్న చెరువు గట్టు మీదే కాపలాదారయ్యాడు, కూలివాడయ్యాడు. నీళ్లు పారే దారులు మూసుకుపోయి వరద ముంపు పెరిగింది. 1999లో అయిదు అడుగుల కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరుని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు దిగి అభయారణ్యంలోని చెరువు గట్లని కొట్టేశాయి. కొల్లేరుకి ఊపిరి కావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ ఆ రోజు లీజుదారు పెట్టుబడి ఒకటి పోయింది, అతనికి వేరే ఊళ్లో వేరే చెరువులున్నాయి. లంక గ్రామం మనిషికి అటు సహజమైన సరస్సూ మిగల్లేదు, ఇటు సంఘం చెరువూ మిగల్లేదు. తమ బతుకుదెరువు సంగతేమిటని ఆ గ్రామాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి.

కొల్లేరు ఒక్కటే కాదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950ల్లో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపని తెచ్చి వదిలారు. అది అక్కడి చిన్న చేపల జాతుల్ని వందల్లో మింగేసింది. విదేశాలకి ఎగుమతి పెరిగింది, ఫ్యాక్టరీలు వచ్చాయి. చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఒడ్డు మీది ఆడవాళ్లు వెనకబడ్డారు. మత్స్యన్యాయం నీళ్లలోనూ ఒడ్డు మీదా ఒకేసారి జరిగింది. కంబోడియా టోన్లే సాప్ సరస్సులో వలస పాలన నాటి నుంచి నీళ్లని ముక్కలుగా గుత్తేదారులకి ఇచ్చే పద్ధతి ఉండేది. 2012లో ప్రభుత్వం సరస్సు మీది గుత్తలన్నిటినీ రద్దు చేసి నీళ్లని ఊళ్లకి ఇచ్చేసింది. జనం సంతోషించారు. అయితే కాపలా సరిగా లేక దొంగవేట పెరిగింది, కరెంటు పెట్టి చేపల్ని చంపేవాళ్లు వచ్చారు. గుత్తేదారుని తీసేస్తే పని సగమే అయింది. మనువు చేయాల్సిన పని అలాగే ఉండిపోయింది.

మన దగ్గర కాపలాకి చట్టం కొత్తగా రాయక్కర్లేదు. తోటాలు పేల్చి, విషం కలిపి చేపల్ని చంపడం 1897 నాటి మత్స్య చట్టమే నేరమంది. మత్స్యకారుల సహకార సంఘాలున్నాయి, మత్స్యశాఖ చెరువుల మీద వాటికి హక్కులున్నాయి. తెలంగాణలో మిషన్ కాకతీయ 46 వేలకి పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టింది. కావాల్సిందల్లా సంఘం పేరుతో వేరేవాడు చెరువు నడపకుండా చూడటం. వ్యాపారి బాకీ మీద ఆధారపడకుండా వలకీ ఐసుకీ బ్యాంకు అప్పు దొరకడం. కట్ట మీద సంఘం సొంత కాంటా ఉండటం. కాంటా చిన్న వస్తువే. కానీ ధర్మం ఆ ముల్లు మీద తేలుతుంది, అందుకే దాని గురించి ఇంత పట్టుబట్టాలి.

గ్రామసభలో చెరువు గుత్త మాట వచ్చిన రోజున చాలామంది లేచి వెళ్లిపోతారు, అది చేపలోళ్ల సంగతి కదా అని. ఆ రోజు కూర్చోండి. పాట ఎవరి పేరున పాడారో, డబ్బు ఎవరు కట్టారో, వచ్చిన ఆదాయంలో పూడికకి ఎంత పెట్టారో అడగండి. జూన్‌లో మృగశిర కార్తె నాడు ఎలాగూ ఇంటింటా చేప వండుతారు. ఆ చేపని వీలైతే కట్ట మీదే, పట్టినవాళ్ల తట్టలోంచే కొనండి.